నేను గీసిన ఎర్ర గీత

వెబ్‌సైట్లు తయారుచేసే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. అందులో సగం కాలం కొద్దిపాటి చూపుతో, మిగతా సగం అది కూడా లేకుండా. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు, ముఖ్యంగా నాలాగా చూపు లేనివాళ్లు, "ఎలా నెట్టుకొచ్చారండీ?" అని అడుగుతుంటారు. వాళ్లు ఏ జవాబు కోసం చూస్తున్నారో నాకు తెలుసు. పట్టుదల, కష్టం, చివర్లో చప్పట్లు. అలాంటి సభల్లో కప్పిన శాలువాలు మా బీరువాలో మడత విప్పకుండా ఉన్నాయి. వాటి కథ కావాలంటే ఇది చదవక్కర్లేదు.

పోయిన వేసవిలో తిరువూరులో మా ఇంటి ముందుగదిలో కూర్చుని ఒక అమ్మాయి చెప్పిన సంగతి నుంచి నేను ఇంకా తేరుకోలేదు. ఆ అమ్మాయి నాకొక షరతు పెట్టింది. ఆ షరతు ప్రకారం రాస్తున్నాను కాబట్టి ఇందులో నన్ను నేను వెనకేసుకు రాను.

ఖాళీ గోడ

నాకు చిన్నప్పటి నుంచీ రేచీకటి. మా నాన్న తిరువూరులో బడిపంతులు. సాయంత్రం చర్చిలో ప్రార్థన అయ్యాక ఆయన చొక్కా చివర పట్టుకుని ఇంటికి నడిచేదాన్ని. డిగ్రీ అయ్యాక విజయవాడలో కంటి డాక్టరు అసలు సంగతి చెప్పాడు. కంటి లోపలి పొర ఎండిపోతోంది, చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది, చివరికి మధ్యలో మిగిలిందీ పోతుంది, మందు లేదు. ఎన్నేళ్లు పడుతుందో ఆయనా చెప్పలేకపోయాడు.

కంప్యూటరు నేర్చుకుని విజయవాడలోనే ఒక చిన్న కంపెనీలో చేరాను. మందుల షాపు పైన మేడ గది, ఎనిమిది మందిమి. యజమాని రామ్మోహన్ గారు. కళ్ల సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే ఉద్యోగం ఎవరిస్తారు?

చేరిన రెండో ఏడు ఆయన ఆఫీసులోనే అందరికీ కంటి పరీక్ష పెట్టించారు. రోజంతా తెర చూసే పని కదా, మంచి ఉద్దేశమే. నాకు మాత్రం తప్పించుకునే దారి లేదు. వరసలో నా ముందు ఝాన్సీ ఉంది. తయారైన పేజీల్లో తప్పులు పట్టుకోవడం ఆమె ఉద్యోగం. ఆదివారం బడిలో బైబిలు వాక్యాలు కంఠతా పట్టీ పట్టీ నాకు ఏదైనా ఒకసారి వింటే వచ్చేసేది. ఝాన్సీ గోడ మీది చార్టు పైనుంచి కిందికి చదువుతుంటే నేను వెనక నిలబడి మొత్తం మనసులోకి ఎక్కించుకున్నాను. నా వంతు రాగానే గోడ వైపు తిరిగి గడగడా అప్పజెప్పాను, చివరి వరసతో సహా.

డాక్టరు గారు దగ్గరికి వచ్చి నాకొక్కదానికే వినపడేటట్టు అన్నారు.

"అమ్మా, ఆ చార్టు తీసేశాను. వేరేది ఇంకా తగిలించలేదు. నువ్వు ఇప్పటిదాకా ఉత్త గోడ చదివావు."

అంత పెద్ద చార్టు అక్కడ లేదని కూడా తెలియనంతగా నా చూపు పోయిందని నాకే తెలియదు. అప్పటివరకు ఇతరులను మాత్రమే మోసం చేస్తున్నాననుకున్నాను.

"మా సార్‌కి చెప్పకండి డాక్టరు గారూ."

"నేను చెప్పను. నువ్వే చెప్పాలి. ఈ నెలలోనే చెప్పమ్మా."

తొమ్మిదేళ్లు చెప్పలేదు.

మామిడిపండు రంగు

దాచుకుని పని ఎలా చేశానో చెబితే మీరు ముచ్చట పడతారు, అందుకే తొందరగా చెప్పేస్తాను. తెర మీద అక్షరాలను ఎంత పెద్దవి చేసుకునేదాన్నంటే ఒకసారికి మూడు మాటలే పట్టేవి. గొట్టంలోంచి పేపరు చదివినట్టు ఉండేది. ఎవరైనా వెనక నిలబడితే చిన్నవి చేసి, కనపడుతున్నట్టు తల ఊపేదాన్ని. కుర్చీలు, మెట్లు, టీ గ్లాసు పెట్టే చోటు, అన్నీ లెక్క పెట్టుకుని గుర్తుంచుకునేదాన్ని.

రంగులు కూడా అంతే. వెబ్ పేజీలో ప్రతి రంగుకూ అంకెలు, అక్షరాలు కలిసిన ఒక కోడ్ ఉంటుంది. అవన్నీ నాకు నోటికి వచ్చు. విస్సన్నపేట నుంచి ఒక మామిడికాయల వ్యాపారి తన వెబ్‌సైటు కోసం వచ్చి, పేజీ అంతా బంగినపల్లి పండు రంగులో ఉండాలన్నాడు. నేను కోడ్ వేసి చూపించాను. ఆయన తెర దగ్గరికి జరిగి, "మా తోటలో పండు ఇదేనమ్మా! ఎట్టా పట్టుకున్నావు?" అని తెగ సంబరపడ్డాడు. అప్పటికి నాకు పసుపుకీ తెలుపుకీ తేడా తెలియడం మానేసి చాలా కాలమైంది. ఆఫీసులో అందరూ మెచ్చుకుంటుంటే లోపల పొంగిపోయాను.

ఇప్పుడు ఆలోచిస్తే అది తెలివి కాదు. దాచడానికి ఖర్చు పెట్టిన బుర్రలో సగం పని నేర్చుకోవడానికి పెట్టి ఉంటే నేను ఇంకా మంచి డెవలపర్‌ని అయ్యేదాన్ని. కొత్తగా వచ్చేవాళ్లకు ఇది మొహమాటం లేకుండా చెబుతున్నాను.

రామ్మోహన్ గారి గురించి ఒక మాట. చెడ్డ మనిషి కాదు. జీతాలు ఆలస్యం చేసేవారు కాదు, ఆడపిల్లలను బస్సు వేళకు పంపించేసేవారు. కానీ ఆయనకు పేజీ అంటే బొమ్మ. "చూడగానే కంటికి నదురుగా ఉండాలమ్మా, అక్షరాలు ఎవరు చదువుతారు?" అనేవారు. పేజీలో ఒక వాక్యం ఎక్కువైతే ఆయనకు కూరలో ఉప్పు ఎక్కువైనట్టే.

ఆ ఫారం

పల్లెటూళ్ల ఆడపిల్లలకు విజయవాడలో హాస్టలు, డిగ్రీ సీటు ఉచితంగా ఇచ్చే ఒక ట్రస్టు వాళ్లు మా దగ్గరికి వచ్చారు. అప్పటిదాకా దరఖాస్తులు పోస్టులో తీసుకునేవారు. ఆ ఏడు మొదటిసారి ఇంటర్నెట్‌లో. ఫారం తయారుచేసే పని నాకు పడింది. అందులో ఒక ప్రశ్న, "చూపు లేనివారా? అవును, కాదు." అలాంటి పిల్లలకు కొన్ని సీట్లు వేరుగా ఉంచారు. ఆ ప్రశ్నను టైపు చేసింది నేనే. ఇది గుర్తుంచుకోండి.

ఫారంలో ఏదైనా గడి తప్పుగా నింపి పంపితే పంపడం ఆగిపోవాలి, తప్పేమిటో తెలియాలి. నేను మొదట సరిగ్గానే చేశాను. తప్పున్న గడి చుట్టూ ఎర్ర గీత వస్తుంది, దాని కింద ఒక వాక్యం వస్తుంది. "ఫోను నంబరు పది అంకెలు ఉండాలి" అన్నట్టు. మీటింగులో రామ్మోహన్ గారు అది చూసి మూతి విరిచారు.

"ఈ మాటలన్నీ ఎందుకమ్మా సుగుణా? గలీజుగా ఉంది. ఎర్ర గీత చాలదూ? ఎవరికైనా అర్థమవుతుంది."

ఝాన్సీ ఊరుకోలేదు. "సార్, ఇందులో చూపు లేని పిల్లలకు కూడా సీట్లు ఉన్నాయి కదా. వాళ్లకి గీత ఎట్టా తెలుస్తుంది? పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేరు వాడతారంట వాళ్లు. మాట ఉంటేనే అది చదువుతుంది."

ఆయన నా వైపు తిరిగారు. "ఏమ్మా, నువ్వేమంటావు? చేసేది నువ్వు కదా. ఉంచాలంటే ఉంచుదాం."

అంత సులువుగా వదిలేశారు ఆయన. ఒక్క మాట, "ఉంచుదాం సార్" అంటే సరిపోయేది. కానీ నా భయం నాది. చూపు లేనివాళ్ల గురించి ఈమెకు ఇంత పట్టింపు ఏమిటి అని ఎవరైనా అనుకుంటే? ఎవరైనా నా కళ్ల వైపు పరీక్షగా చూస్తే? ఆ కంగారులో నేనొక మాట అన్నాను. అది విని ఝాన్సీ తల దించుకుంది. ఆ మాట ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు. చివర రాస్తాను. తప్పించుకోను.

మీటింగు అయ్యాక నా సీట్లోకి వెళ్లి, ఆ వాక్యాలన్నీ ఒక్కొక్కటే నా చేత్తోనే తీసేశాను. ఎర్ర గీత ఒక్కటే మిగిలింది.

ఫ్యాను తిరుగుతోంది

రెండేళ్లు గడిచాయి. కొన్ని నెలలుగా మధ్యలో మిగిలిన చూపు కూడా మసకబారుతూ వచ్చింది. ఒకరోజు పొద్దున్నే సీట్లో కూర్చుని కంప్యూటరు ఆన్ చేశాను. తెర మీద ఏమీ రాలేదు.

"కరెంటు పోయిందా ఝాన్సీ?"

"లేదండీ. ఫ్యాను తిరుగుతోంది కదా."

ఫ్యాను చప్పుడు అప్పుడు వినపడింది. కరెంటు ఉంది, తెర వెలుగుతోంది. ఇన్నేళ్లుగా వస్తుందని తెలిసిన రోజే, అయినా పిడుగు పడ్డట్టే అయింది.

ఆ రోజు రామ్మోహన్ గారికి అంతా చెప్పాను. చార్టు సంగతి కూడా. ఆయన గొంతు పెంచారు.

"తొమ్మిదేళ్లు నన్ను వెర్రివాణ్ణి చేశావన్నమాట! రేపట్నుంచి రావొద్దు."

ఆయన కోపంలో తప్పు లేదు. నన్ను దెబ్బ కొట్టింది ఝాన్సీ. బ్యాగు సర్దుకుంటుంటే దగ్గరికి వచ్చి, ఏడుపు ఆపుకుంటూ ఒకే ప్రశ్న అడిగింది.

"మరి ఆ రోజు మీటింగులో ఆ మాట ఎట్టా అన్నారండీ?"

బ్యాగు భుజానికి తగిలించుకుని, మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగిపోయాను.

పది రోజులు తిరక్కుండా రామ్మోహన్ గారే ఫోను చేశారు. "నువ్వు రాసిన కోడ్ ఒక్కడికీ అర్థమై చావట్లేదమ్మా. కళ్లు లేకుండా చేయగలిగితే వచ్చెయ్." జాలితో పిలవలేదు, అవసరంతో పిలిచారు. ఉద్యోగం అవసరం మీద నిలబడాలి, అదే గట్టిగా ఉంటుందని నాకు అప్పుడే అర్థమైంది.

పేజీని చదివి వినిపించే ఆ సాఫ్ట్‌వేరు, స్క్రీన్ రీడర్ అంటాం, నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. మొదట్లో నిదానంగా పెట్టుకుంటాం. అలవాటయ్యాక ఎంత వేగం పెంచుతామంటే పక్కవాళ్లకు అది పిట్ట కిచకిచలాడినట్టు వినిపిస్తుంది, మాకు మాత్రం ప్రతి అక్షరం తెలుస్తుంది. కొంచెం చెయ్యి తిరిగాక నేను చేసిన పేజీలు ఒక్కొక్కటే తెరిచి విన్నాను. ఆ ఫారం వంతు వచ్చింది. అదింకా నడుస్తూనే ఉంది. పేరు, ఊరు నింపి, కావాలనే ఫోను నంబరులో ఒక అంకె ఎక్కువ వేసి "పంపండి" నొక్కాను.

ఏమీ వినపడలేదు. మళ్లీ నొక్కాను. ఏమీ లేదు. తప్పు ఉందని లేదు, వెళ్లిందని లేదు, ఆగిందని లేదు. ఎక్కడో ఎర్ర గీత వచ్చి ఉంటుంది. నేను పెట్టిన గీత, నాకే తెలియని గీత.

తీసేసిన వాక్యాలు తిరిగి పెట్టడానికి గంట పట్టింది. ఒక్క గంట! సరిచేసిన సంగతి ఎవరికీ చెప్పలేదు. పాత ఫారం కాపీ మాత్రం దాచుకున్నాను. ఆ తర్వాత సభల్లో, కాలేజీల్లో మాట్లాడమని పిలిస్తే ఆ కాపీ వినిపించి, "చూడండి, ఎవరో ఇలా చేశారు" అనేదాన్ని. ఎవరో! ఆ మాటకే నాకు శాలువాలు కప్పారు.

దీవెన

కరోనా కాలంలో తిరువూరు వచ్చేసి ఇంటి నుంచే పని చేశాను. యాభై దగ్గర పడ్డాక ఇక చాలనుకుని మానేశాను. శనివారాలు మా ముందుగదిలో, చూపు లేనివాళ్లు వస్తే పేజీలు పరీక్షించడం నేర్పుతున్నాను. గంపలగూడెం నుంచి దీవెన షేర్ ఆటోలో వస్తుంది. ముప్పై దాటిన మనిషి. పుట్టుకతోనే చూపు లేదు. ఇంట్లో కూర్చుని ఒక కంపెనీకి ఫోన్లలో మాట్లాడే ఉద్యోగం చేస్తూ, ఈ పనిలోకి రావాలని పట్టుదలగా ఉంది. చురుకైంది. ఏ తప్పునైనా నాకంటే ముందే పట్టేస్తుంది.

ఒక శనివారం అలవాటుగా ఆ పాత ఫారం తెరిచాను. "ఎవరో చేసిన ఫారం, ఇందులో తప్పేమిటో చెప్పు" అన్నాను. స్క్రీన్ రీడర్ పైన ఉన్న ట్రస్టు పేరు చదివింది.

"ఆపండి మేడమ్."

ఆపాను.

"ఇది నాకు తెలుసండి. నేను నింపానండి ఇది."

దీవెన మామూలుగానే చెప్పుకుపోయింది.

"ఇంటర్ అయిన ఏడు. స్క్రీన్ రీడర్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇక్కడే తిరువూరులో నెట్ సెంటరుకి వచ్చానండి. అన్నీ నేనే నింపాను. మా ఇంట్లో అప్పుడు సెల్లు లేదు. పక్కింటోళ్ల ల్యాండ్‌లైన్ నంబరు ఇచ్చాను, ముందు సున్నా పెట్టి, కోడ్ కలిపి. అందరం అట్టాగే చెప్పుకునేవాళ్లం కదండి. పంపండి అని నొక్కితే ఏమీ పలకలేదు. నెట్ సెంటరాయన్ని పిలిచాను. ఆయన కూడా నొక్కి, 'అయిపోయిందమ్మా, ఇక ఉత్తరం కోసం చూడు' అని వేరే వాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు."

సున్నాతో కలిపితే పదకొండు అంకెలు. నా ఫారం పదే తీసుకుంటుంది. ఫోను గడి పేజీలో పైనెక్కడో ఉంటుంది, నొక్కే బటన్ అడుగున. ఎర్ర గీత ఆయన కంటికీ ఆని ఉండదు. మా ఊళ్ల మనుషులు ఫోను నంబరు ఎలా చెబుతారో ఈ ఊళ్లో పుట్టిన నాకు తెలియకనా? పది అంకెలని రాసేటప్పుడు ఆ ఆలోచనే రాలేదు.

"తర్వాత?" అన్నాను.

"మా అమ్మ పత్తి తీతల్లో అందరికీ చెప్పేసిందండి, మా పిల్ల బెజవాడ కాలేజీకి పోతోందని. నాకోసం రేకు పెట్టె కూడా కొంది. రెండు నెలలు చూశాం. ఉత్తరం లేదు. అమ్మ బస్సెక్కి ట్రస్టు ఆఫీసుకే వెళ్లింది. 'మీ అమ్మాయి పేరుతో ఫారమే రాలేదమ్మా' అన్నారంట. ఇల్లు విడిచి వెళ్లడానికి భయపడి నేనే నింపకుండా వచ్చి అబద్ధం ఆడానని అమ్మ నమ్మకం. నాలుగేళ్లు ఇంట్లోనే ఉన్నాను. తర్వాత ప్రైవేటుగా డిగ్రీ కట్టానులెండి. సీటు పోతే పోయింది. అమ్మకి మాత్రం ఇప్పటికీ అనుమానం పోలేదండి. ఏ మాటకైనా, 'నీ మాట నమ్మితే ఆ ఫారంలాగే అవుద్ది' అంటది."

నవ్వుతూ అంది. "ఇది చేసినోళ్లు ఎవరో గాని, కళ్లున్నోళ్ల పొగరు అనుకునేదాన్నండి."

ఆ రోజు నిజం చెప్పలేదు. తల నొప్పిగా ఉందని క్లాసు ఆపేశాను. చూపు పోయిన రోజు కూడా అంత అదిరిపోలేదు. ఆ రోజు పోయింది నాది. ఇక్కడ పోగొట్టింది వేరొకరిది.

షరతు

తర్వాతి శనివారం దీవెన కూర్చోగానే చెప్పేశాను. ఫారం చేసింది నేనని, మాటలు తీసేసింది నేనని, మీటింగులో ఉంచుదామా అని అడిగితే వద్దన్నది కూడా నేనేనని.

"మీరా?" అంది. మళ్లీ అంది. "మీరా అండి?"

అలికిడి లేకపోతే వెళ్లిపోయిందేమో అనుకుని చెయ్యి చాపాను. కుర్చీలోనే ఉంది.

"పోయిన వారమే ఎందుకు చెప్పలేదండి?"

"భయమేసింది."

"వద్దని ఏమన్నారు మీటింగులో?"

"అదొక్కటి అడగొద్దమ్మా," అన్నాను. అప్పుడు దీవెన గొంతు మారింది. అంతవరకు ఆమె నాతో అంత గట్టిగా మాట్లాడలేదు.

"క్షమించడం సంగతి తర్వాతండి. ముందు మా అమ్మకి తెలియాలి. మీరు వచ్చి నోటితో చెబితే నేను చెప్పించానంటది. రాయండి. అందరూ చదివేటట్టు రాయండి, పేరు పెట్టి. ఆ మీటింగులో అన్న మాట కూడా ఉన్నదున్నట్టు రాయండి. అది లేకపోతే ఇది కూడా సగం ఫారమే అవుద్ది."

అందుకే ఇది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. మీ లోపం దాచుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, నేను తప్పు పట్టను. కానీ దాన్ని దాచడం కోసం మీలాంటి వాళ్లకే దారి మూసేసే రోజు ఒకటి వస్తుంది. నాకు వచ్చింది. ఆ రోజు నేనేం చేశానో చదివారు కదా.

ఇక్కడిదాకా రాసి, పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక గంపలగూడెం వెళ్లాను. దీవెన వాళ్లమ్మ మార్తమ్మ గారు నాకు కుర్చీ వేసి, తను గుమ్మంలో కూర్చుంది. ఆమెకు చదువు రాదు. దీవెన ఫోనులో నేను రాసింది పెట్టి, స్క్రీన్ రీడర్ చేత చదివించింది. వాళ్లమ్మకు అర్థమయ్యేటట్టు వేగం తగ్గించింది. మీటింగు దగ్గరికి వచ్చేసరికి ఇంకా తగ్గించింది. నేను అప్పటికి ఆ మాట కూడా చివర రాసి పెట్టాను. అక్కడికి వచ్చాక ఆ యంత్రం గొంతు, ఏ కోపం లేకుండా, ఒక్కొక్క మాటే విడదీసి వినిపించింది.

"కళ్లు లేని పిల్లకి ఎవరో ఒకరు నింపి పెడతారు లెండి సార్. వాళ్లకి కంప్యూటరుతో ఏం పని?"

నేను తల వంచుకుని కూర్చున్నాను. తిట్టినా పడదామనే వచ్చాను. మార్తమ్మ గారు నన్ను ఒక్క మాట అనలేదు. నేను అక్కడ ఉన్నట్టే ఆమెకు గుర్తు లేదు. గుమ్మంలోంచి లేచి కూతురి దగ్గరికి వెళ్లిన అలికిడి వినపడింది.

"అయితే నువ్వు నింపావే," అంది. "నింపావే, అమ్మా."